నమ్మకమైన ప్రోగ్రామ్‌కు యాంటీవైరస్‌లో ఎంత చోటివ్వాలి?

యాంటీవైరస్ స్కాన్ నుంచి కొన్ని ప్రోగ్రామ్‌లను మినహాయించడం గురించి ఈ మధ్య ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. వాటిలో ఏడింటిని ఎంచుకుని, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయించాను. ఎక్కువ మంది విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్‌నే వాడుతున్నారు కాబట్టి మెనూల పేర్లు దానివే చెబుతాను. దానిలో ఈ మినహాయింపును ఎక్స్‌క్లూజన్ అంటారు. మిగతా యాంటీవైరస్‌లలో ఇదే సదుపాయం ఎక్సెప్షన్స్ అనో, అలౌ లిస్ట్ అనో వేరే పేరుతో ఉంటుంది.

ప్రశ్న: నేనొక చిన్న సంస్థలో అకౌంట్స్ చూస్తాను. మేము వాడే అకౌంటింగ్ ప్రోగ్రామ్ కొన్ని నెలలుగా బాగా నెమ్మదించింది. ఒక ఎంట్రీ సేవ్ చేస్తే పది పన్నెండు సెకన్లు చక్రం తిరుగుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు ఫైలును వేరే ప్రోగ్రామ్ వాడుతోందన్న సందేశం వచ్చి, రాసిన ఎంట్రీ పోతుంది. సపోర్ట్‌కు ఫోన్ చేస్తే యాంటీవైరస్‌లో సి డ్రైవ్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టమన్నారు. పెట్టాక వేగం వచ్చిన మాట నిజమే కానీ, లోపల ఏదో బెరుకుగా ఉంది. చేసింది సరైన పనేనా?

జవాబు: కాదండి. ఈ పేజీ చదవడం పూర్తయ్యేలోగా ఆ మినహాయింపును తీసేయండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. విండోస్, ప్రోగ్రామ్‌లు, మీ డౌన్‌లోడ్‌లు, తాత్కాలిక ఫైళ్లు అన్నీ సాధారణంగా ఉండేది సి డ్రైవ్‌లోనే కాబట్టి, దాన్ని వదిలేసిన యాంటీవైరస్ నడుస్తున్నట్టు కనిపిస్తూనే ఏమీ చూడకుండా కూర్చుంటుంది. ఎక్స్‌క్లూజన్‌లలో చేయకూడని పొరపాట్లంటూ మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలోనూ సి డ్రైవ్ ఉంది.

అయితే సపోర్ట్ వారు రోగాన్ని మాత్రం సరిగానే పట్టుకుని ఉండవచ్చు. మందు మోతాదు దగ్గరే తప్పారు. యాంటీవైరస్‌కు చెందిన ఒక చిన్న డ్రైవర్ విండోస్ ఫైల్ సిస్టమ్‌కు, ప్రోగ్రామ్‌లకు మధ్య కాపలా కూర్చుని, ఏ ప్రోగ్రామైనా ఏ ఫైలునైనా తెరవబోయినప్పుడు ముందుగా తాను చూసి పంపుతుంది. ఒకసారి చూసిన ఫైలు మారనంతకాలం దాన్ని మళ్లీ చూడనవసరం లేదని గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి మామూలు పనుల్లో ఈ కాపలా మనకు తెలియనే తెలియదు. అకౌంటింగ్ డేటా ఫైలు సంగతి వేరు. అది వందల మెగాబైట్లు ఉంటుంది, మీరు ఎంట్రీ సేవ్ చేసిన ప్రతిసారీ మారుతుంది, మారిన ప్రతిసారీ మళ్లీ కొత్త ఫైలు కిందే లెక్క. దాన్ని యాంటీవైరస్ తెరిచి చూస్తున్న క్షణంలోనే మీ ప్రోగ్రామ్ అందులో రాయబోతే, మీరు చూసిన సందేశమే వస్తుంది. డేటాబేస్ ఫైళ్లకు, వర్చువల్ మెషిన్ల (కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా నడిచే మరో కంప్యూటర్ల) డిస్క్ ఫైళ్లకు మినహాయింపు ఇవ్వమని వాటి తయారీదారులే సలహా ఇవ్వడానికి కారణం ఇదే.

కాబట్టి ముందుగా ఆ ప్రోగ్రామ్ డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో కనుక్కోండి. సాధారణంగా ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లోనే డేటా పాత్ అని రాసి ఉంటుంది. ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, అక్కడ సెట్టింగ్స్ కింద ఉన్న మేనేజ్ సెట్టింగ్స్ నొక్కితే, పేజీ అడుగున ఎక్స్‌క్లూజన్స్ కనిపిస్తుంది. అందులో యాడ్ యాన్ ఎక్స్‌క్లూజన్ నొక్కినప్పుడు ఫైల్, ఫోల్డర్, ఫైల్ టైప్, ప్రాసెస్ అని నాలుగు దారులు చూపిస్తుంది. మీరు ఫోల్డర్ ఎంచుకుని, ఆ డేటా ఫోల్డర్ ఒక్కదాన్నే చూపించండి. దాని లోపలి ఉప ఫోల్డర్లు కూడా వాటంతటవే మినహాయింపులోకి వస్తాయన్న సంగతి గుర్తుంచుకుని, పై స్థాయి ఫోల్డర్‌ను కాకుండా వీలైనంత లోపలి ఫోల్డర్‌ను ఎంచుకోవాలి. ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌ను కలపకండి. అందులో ఉండేవి నడిచే ఫైళ్లు, వాటి మీద నిఘా ఉండాల్సిందే. పైగా అవి రోజూ మారవు కాబట్టి వాటి స్కాన్‌తో మీ వేగానికి పెద్దగా నష్టమూ లేదు.

ఫైల్ టైప్ అనే దారి చూడటానికి తేలిగ్గా ఉంటుంది, దాని జోలికి పోకండి. అక్కడ ఒక ఎక్స్‌టెన్షన్ (ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలు) ఇస్తే, ఆ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైలు కంప్యూటర్‌లో ఎక్కడున్నా, ఈమెయిల్‌లో వచ్చి డౌన్‌లోడ్స్‌లో పడినా సరే, స్కాన్ అవదు.

ఇచ్చిన మినహాయింపు మీరు అనుకున్నంత మేరకే ఉందో లేదో తేల్చుకునే పద్ధతి ఒకటుంది. యాంటీవైరస్‌లు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడానికి ఐకార్ అనే సంస్థ పేరుతో 68 అక్షరాల టెస్ట్ ఫైలు ఒకటి చెలామణిలో ఉంది. దానిలో హాని చేసేదేమీ లేదు. కానీ దాన్ని చూడగానే వైరస్ అని అరవాలని యాంటీవైరస్ తయారీదారులంతా ఒప్పుకున్నారు. దాన్ని మినహాయించిన ఫోల్డర్‌లో సేవ్ చేస్తే నిశ్శబ్దంగా ఉండాలి, ఒక మెట్టు పై ఫోల్డర్‌లో సేవ్ చేస్తే వెంటనే హెచ్చరిక రావాలి. రెండూ జరిగితే మీ గీత సరైన చోట పడినట్టే. పరీక్ష అయ్యాక లోపలి ఫైలును తొలగించడం మరిచిపోవద్దు. నేనొకసారి మరిచిపోయాను. ఏడాది తర్వాత ఆ ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌కు కాపీ చేసిన రోజున, ఆ కొత్త కంప్యూటర్ ఎర్ర హెచ్చరిక చూపించేసరికి అరపూట నిజంగా వైరస్ కోసం వెతికాను.

మినహాయింపు ఇచ్చాక కూడా నెమ్మదిగానే ఉంటే తప్పు యాంటీవైరస్‌ది కాకపోవచ్చు. మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌కు పెర్ఫార్మెన్స్ ఎనలైజర్ అని, ఆదేశాలు టైప్ చేసే విండోస్ పవర్‌షెల్‌లో నడిచే ఒక సాధనం ఉంది. దాన్ని ప్రారంభించి, మీ పని ఒకసారి చేసి, ఆపితే, స్కాన్‌కు ఏ ఫైలు, ఏ ఫోల్డర్, ఏ ప్రాసెస్ ఎంత సమయం తీసుకున్నాయో వరసగా చూపిస్తుంది. ఊహతో నాలుగు మినహాయింపులు ఇవ్వడం కంటే ఆ నివేదిక చూసి ఒక్కటి ఇవ్వడం మంచిది.

ప్రశ్న: ఫోల్డర్‌ను మినహాయించడానికి, ప్రాసెస్‌ను మినహాయించడానికి తేడా ఏమిటి? నేను వీడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌ను ప్రాసెస్‌గా చేర్చాను. అంటే ఆ ప్రోగ్రామ్‌ను ఇక స్కాన్ చేయదనే కదా?

జవాబు: చాలా మంది అలాగే అనుకుంటారు కానీ, డిఫెండర్‌లో దాని అర్థం దాదాపు తలకిందులుగా ఉంటుంది. ఒక ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ను, మినహాయిస్తే, ఆ ప్రాసెస్ తెరిచే ఫైళ్లను ఆ సమయంలో చూడకుండా వదిలేస్తుంది. ఆ ప్రోగ్రామ్ ఫైలును మాత్రం యథావిధిగా స్కాన్ చేస్తూనే ఉంటుంది. దాన్ని కూడా వదిలేయాలంటే ఫైలుగా విడిగా చేర్చాలి. ఇంకో తేడా ఏమిటంటే, ప్రాసెస్ మినహాయింపు ఎప్పుడూ నడిచే రియల్ టైమ్ నిఘాకే వర్తిస్తుంది. వారానికోసారి జరిగే స్కాన్, మీరు స్వయంగా నొక్కే స్కాన్ ఆ ఫైళ్లను మామూలుగానే చూస్తాయి. ఫోల్డర్ మినహాయింపు అలా కాదు, అన్ని రకాల స్కాన్‌లూ ఆ ఫోల్డర్‌ను దాటుకుని పోతాయి.

మీ అవసరానికి ప్రాసెస్ దారే మేలు. వీడియో ముక్కలు పెద్దవి, అవి నాలుగు డ్రైవ్‌లలో చెల్లాచెదురుగా ఉంటాయి, వాటన్నిటినీ ఫోల్డర్‌లుగా మినహాయించడం కంటే వాటిని తెరిచే ఒక్క ప్రోగ్రామ్‌ను చూపించడం ఇరుకైన మినహాయింపు అవుతుంది. అయితే ఉత్తరంలో మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే, ప్రోగ్రామ్ పేరు మాత్రమే ఇచ్చినట్టున్నారు. అదే పేరుతో ఇంకెక్కడైనా, తాత్కాలిక ఫోల్డర్‌లో సైతం, ఎవరైనా ఒక ఫైలును తెచ్చి పెట్టుకోవచ్చు కదా. డ్రైవ్ అక్షరం నుంచి చివరి పేరు వరకూ పూర్తి చిరునామా ఇవ్వండి. అలాగే పవర్‌షెల్, కమాండ్ ప్రాంప్ట్, పైథాన్, జావా, వర్డ్ వంటి వాటిని ఎంత అవసరం వచ్చినా ప్రాసెస్ మినహాయింపులో పెట్టకండి. అవి ఎవరు ఏ స్క్రిప్ట్ ఇచ్చినా, ఏ పత్రం ఇచ్చినా తెరిచేవి. వాటిని వదిలేయడమంటే వాటి ద్వారా వచ్చే ప్రతిదాన్నీ వదిలేయడమే.

మీరు డిఫెండర్ కాకుండా వేరే యాంటీవైరస్ వాడుతుంటే ఈ జవాబును కళ్లు మూసుకుని అన్వయించుకోవద్దు. కొన్నింటిలో ట్రస్టెడ్ అప్లికేషన్ అని చేరిస్తే ఆ ప్రోగ్రామ్ ప్రవర్తన మీద నిఘా కూడా తగ్గుతుంది. చేర్చే ముందు ఆ తెర మీద ఏయే గడులకు టిక్ ఉందో ఒక్కొక్కటీ చదవాలి.

ప్రశ్న: ఫొటోలు సరిదిద్దే పాత ప్రోగ్రామ్ ఒకటి వాడుతున్నాను. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో సేవ్ చేయబోతే కుదరడం లేదు. ప్రోగ్రామ్‌ను ఎక్స్‌క్లూజన్‌లో పెట్టినా ఫలితం లేదు.

జవాబు: మీకు అడ్డం వస్తున్నది బహుశా స్కాన్ కాదు, కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే వేరే కాపలా. డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లలోని ఫైళ్లకు డబ్బు గుంజడానికి రాన్సమ్‌వేర్ అనే హానికరమైన ప్రోగ్రామ్‌లు తాళం వేయకుండా 2017లో విండోస్ 10కు దీన్ని చేర్చారు. నమ్మకం కుదరని ప్రోగ్రామ్ ఏదైనా ఆ ఫోల్డర్లలో రాయబోతే అడ్డుకుంటుంది. విండోస్ సెక్యూరిటీలోనే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద, కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ద్వారా అనుమతించే యాప్‌ల జాబితా ఉంటుంది. మీ ప్రోగ్రామ్‌ను అక్కడ చేర్చి, ఎక్స్‌క్లూజన్స్‌లో పెట్టినదాన్ని తీసేయండి. ఇంటర్నెట్ నుంచి దించిన ఫైలు తెరవబోతే వచ్చే నీలం రంగు స్మార్ట్‌స్క్రీన్ హెచ్చరిక కూడా ఇలాగే విడి వ్యవస్థ, స్కాన్ మినహాయింపుతో అది ఆగదు.

ప్రశ్న: పేరున్న కంపెనీ నుంచి డబ్బు పెట్టి కొన్న ప్రోగ్రామ్. డిజిటల్ సిగ్నేచర్ సరిగ్గా ఉంది. తమ ఫోల్డర్‌ను యాంటీవైరస్‌లో మినహాయించమని వారి ఇన్‌స్టాలేషన్ గైడ్‌లోనే రాసి ఉంది. ఇలాంటి దానికి కూడా భయపడాలా?

జవాబు: భయపడనక్కర్లేదు కానీ, ఆ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. మీరు నమ్ముతున్నది కంపెనీని. మినహాయింపు ఇస్తున్నది డిస్క్ మీద ఒక చోటుకు. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో 2021 జులై 2న ప్రపంచమంతా చూసింది.

దూరం నుంచి వేలాది కంప్యూటర్లను నిర్వహించేందుకు ఐటీ సేవా సంస్థలు వాడే కసేయా వీఎస్‌ఏ అనే ప్రోగ్రామ్ ఉంది. ప్రతి కంప్యూటర్‌లో దాని ఏజెంట్ (అక్కడ నడిచే చిన్న భాగం) పనిచేసుకునే ఫోల్డర్‌ను యాంటీవైరస్‌లో మినహాయించమని ఆ కంపెనీ తన వినియోగదారులకు చెప్పింది. ఏజెంట్ పని సజావుగా సాగాలనే ఉద్దేశంతో చెప్పిందే, అందులో దురుద్దేశం ఏమీ లేదు. ఆ రోజున రెవిల్ అనే రాన్సమ్‌వేర్ ముఠా వీఎస్‌ఏ సర్వర్లలోని లోపాల ద్వారా చొరబడి, అప్‌డేట్ పేరుతో తన ఫైలును సరిగ్గా ఆ ఫోల్డర్‌లోకే పంపింది. అక్కడ చూసేవారు లేరని దానికి ముందే తెలుసు. అంతటితో ఆగలేదు. డిఫెండర్‌కే చెందిన, మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న పాత ప్రోగ్రామ్ ఫైలునొకదాన్ని వెంట తెచ్చుకుని, దాని పక్కన తన హానికరమైన డీఎల్‌ఎల్‌ను (ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఫైలును) పెట్టి, ఆ పాత ఫైలు చేతే దాన్ని నడిపించింది. పైకి చూస్తే నడుస్తున్నది మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న ప్రోగ్రామే. ఈ దాడి వల్ల 1,500 దాకా వ్యాపార సంస్థలు దెబ్బతిని ఉండవచ్చని కసేయా స్వయంగా ప్రకటించింది.

సిగ్నేచర్ విషయంలో 2023 మార్చిలో జరిగిన త్రీసీఎక్స్ ఉదంతం ఇంకా సూటిగా ఉంటుంది. ఆఫీసుల్లో ఫోన్ కాల్స్‌కు వాడే ఆ ప్రోగ్రామ్ అధికారిక అప్‌డేట్‌లోనే, సరైన సంతకంతోనే, దొంగ కోడ్ వచ్చింది. తయారీ దశలోనే ఎవరో దాన్ని కలిపారు. కొన్ని యాంటీవైరస్‌లు దాన్ని పట్టుకుని హెచ్చరించినప్పుడు, ఇంత పేరున్న ప్రోగ్రామ్‌లో వైరస్ ఏమిటని, అది తప్పుడు హెచ్చరికే అయివుంటుందని అనుకున్న వినియోగదారులు ఉన్నారు. కంచే చేను మేసిన చోట కాపలావాడి కేకను నమ్మడం కష్టమే. సంతకం చెప్పేది ఈ ఫైలు ఫలానా వారి దగ్గర నుంచి వచ్చిందని, దారిలో మారలేదని మాత్రమే. లోపల ఏముందో సంతకం చెప్పదు.

అలాగని యాంటీవైరస్‌ను కూడా వేదవాక్కుగా తీసుకోలేం. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ పంపిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీలో అత్యవసరమైన సిస్టమ్ ఫైలునే వైరస్‌గా భావించి క్వారంటైన్ చేయడంతో, అంటే విడిగా బంధించడంతో, ఎన్నో సంస్థల్లో కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అవుతూ మూలపడ్డాయి. మినహాయింపు అనే సదుపాయం ఉండాల్సిందే. ఎంత, ఎక్కడ అన్నదే నా పట్టుదల.

కాబట్టి మీ గైడ్‌లో రాసిన ఫోల్డర్‌ను ఒకసారి తెరిచి చూడండి. అందులో ఎవరు రాయగలరన్నదే అసలు ప్రశ్న. ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఉన్న ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెట్టాలంటే విండోస్ అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది. అక్కడ మినహాయింపు ఇచ్చినా చొరబాటుదారుకు కనీసం ఒక తలుపు అడ్డం ఉంటుంది. అదే యూజర్ ఖాతా కిందనున్న యాప్ డేటా, టెంప్, డౌన్‌లోడ్స్ లాంటి చోట్లయితే మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా అనుమతి అడగకుండానే ఫైలు పెట్టేస్తుంది. అటువంటి చోటును మినహాయించమని ఎంత పేరున్న కంపెనీ అడిగినా, నేనైతే కారణం చెప్పమని వారికి ఈమెయిల్ రాస్తాను. ముందు మినహాయింపు లేకుండా రెండు వారాలు వాడి చూస్తాను. చాలాసార్లు ఏ ఇబ్బందీ రాదు. గైడ్‌లో ఆ వాక్యం ఏళ్ల క్రితం, అప్పటి కంప్యూటర్ల కోసం రాసి వదిలేసినదై ఉంటుంది. మైక్రోసాఫ్ట్ కూడా ఎక్స్చేంజ్ మెయిల్ సర్వర్‌కు తానే ఎప్పటి నుంచో సిఫారసు చేస్తూ వచ్చిన మినహాయింపుల్లో కొన్నింటిని 2023 ఫిబ్రవరిలో తీసేయమని చెప్పింది. ఆ ఫోల్డర్లలో, ప్రాసెస్‌లలో దాక్కునే దొంగ కోడ్‌ను పట్టుకోవాలంటే అక్కడ కూడా స్కాన్ జరగాలన్నది దాని వివరణ.

ప్రశ్న: పైథాన్‌లో నేను రాసిన చిన్న ప్రోగ్రామ్‌ను ఒకే ఈఎక్స్‌ఈ ఫైలుగా చేసి స్నేహితులకు ఇచ్చాను. అందరి యాంటీవైరస్‌లూ దాన్ని వైరస్ అంటున్నాయి. నేను రాసిన కోడ్ నాకు తెలుసు. వారందరినీ ఎక్స్‌క్లూజన్ పెట్టుకోమని చెప్పవచ్చా?

జవాబు: మీ కంప్యూటర్‌లో మీరు పెట్టుకోవచ్చు, వారిని మాత్రం అడగకండి. మీరు అలవాటు చేసిన ఆ పనిని రేపు ఇంకొకరు అడిగినా వారు అదే తేలికతో చేసేస్తారు.

హెచ్చరిక ఎందుకు వస్తోందో ఊహించడం కష్టం కాదు. పైథాన్ కోడ్‌ను పైఇన్‌స్టాలర్ వంటి సాధనంతో ఒకే ఫైలుగా చుట్టినప్పుడు, అది నడిచే ప్రతిసారీ తన లోపలి సరుకును తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పుకుని అక్కడి నుంచి నడుస్తుంది. వైరస్‌లు రాసేవారు కూడా ఇదే సాధనాన్ని వాడుతుంటారు కాబట్టి, ఆ చుట్టే భాగం మీ ఫైలులోనూ, వారి ఫైళ్లలోనూ ఒకేలా కనిపిస్తుంది. పైగా మీ ఫైలుకు సంతకం లేదు, దాన్ని మునుపు ఎవరూ చూడలేదు. అనుమానించడానికి యాంటీవైరస్‌కు ఇంతకంటే ఏం కావాలి?

ఒకే ఫైలుగా కాకుండా ఫోల్డర్ రూపంలో తయారుచేసి చూడండి. చాలా సందర్భాల్లో హెచ్చరికలు తగ్గుతాయి. ఆ తర్వాత ఫైలును యాంటీవైరస్ తయారీదారుకే పంపి, ఇది తప్పుడు హెచ్చరిక అని తెలియజేయండి. మైక్రోసాఫ్ట్‌తో సహా పేరున్నవారందరికీ అందుకోసం వెబ్ పేజీలు ఉన్నాయి. వారు పరిశీలించి సరిదిద్దితే మీ స్నేహితులు ఏమీ చేయనక్కర్లేదు. ఒకే ఫైలును అనేక యాంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేస్తే దాదాపు 70 ఇంజిన్లలో ఎన్ని అనుమానిస్తున్నాయో తెలుస్తుంది కానీ, అక్కడ పెట్టిన ఫైలు భద్రతా సంస్థలకూ చేరుతుంది కాబట్టి అందులో పాస్‌వర్డ్‌లు, సొంత వివరాలు లేకుండా చూసుకోండి.

మీ కంప్యూటర్‌లో మినహాయింపు విషయానికొస్తే, ప్రోగ్రామ్ తయారై పడే ఒక్క ఫోల్డర్‌కు ఇవ్వండి, కోడ్ మొత్తం ఉన్న డ్రైవ్‌కు కాదు. ఇంటర్నెట్ నుంచి దించే పైథాన్ ప్యాకేజీలు కూడా ఆ డ్రైవ్‌లోకే వస్తాయి, వాటిలోనూ నకిలీలు దొరికిన సందర్భాలు ఉన్నాయి. విండోస్ 11లో అయితే 2023 నుంచి డెవ్ డ్రైవ్ అనే ఏర్పాటు ఉంది. దానిలో ఫైలు తెరిచేటప్పుడు ఆపకుండా, తెరిచిన తర్వాత వెనకాల స్కాన్ చేస్తుంది. వేగమూ దక్కుతుంది, నిఘా పూర్తిగా పోదు. కనీసం 50 గిగాబైట్లు కేటాయించగలిగితే కోడ్ రాసేవారికి మినహాయింపు కంటే అదే మంచి మార్గమని నా అభిప్రాయం. కొన్ని యాంటీవైరస్‌లు ఫోల్డర్ బదులు ఫైలు హ్యాష్ (ఫైలులో ఉన్నదాని నుంచి లెక్కించే గుర్తు) మీద మినహాయింపు ఇవ్వనిస్తాయి. ఫైలులో ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది కాబట్టి ఆ మినహాయింపు వేరే ఫైలుకు ఉపయోగపడదు. మీరు ప్రోగ్రామ్‌ను మార్చిన ప్రతిసారీ కొత్తగా ఇవ్వాల్సి రావడం విసుగే అయినా, ఆ విసుగులోనే దాని బలం ఉంది.

ప్రశ్న: ఉచితంగా దొరికిన ఒక గేమ్ ప్యాచ్‌తో వచ్చిన రీడ్ మీ ఫైలులో, ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమని, తర్వాత ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌క్లూజన్‌లో పెట్టమని ఉంది. పెట్టవచ్చా?

జవాబు: వద్దు. గేమ్‌కు వేసిన లాక్‌ను తప్పించే ప్యాచ్‌లు సహజంగానే అనుమానం కలిగిస్తాయని అవి పంచేవారు చెప్పే మాటలో కొంత నిజం ఉంది. కానీ నిజమైన వైరస్ పంచేవాడు కూడా సరిగ్గా ఆ మాటే చెబుతాడు, ఆ రెండింటినీ వేరు చేసే మార్గం మీ దగ్గర లేదు. ఫైలును తొలగించి, ఫుల్ స్కాన్ నడపండి.

ప్రశ్న: ఎక్స్‌క్లూజన్స్ పేజీ తెరిచి చూస్తే నేను పెట్టనివి మూడు కనిపించాయి. ఒకటి ఎప్పుడో తీసేసిన ప్రోగ్రామ్ ఫోల్డర్, ఒకటి ప్రోగ్రామ్ డేటాలో అర్థం లేని అక్షరాల పేరున్న ఫోల్డర్, మూడోది ఏకంగా సి డ్రైవ్. ఇవి ఎలా వచ్చాయి?

జవాబు: మొదటిది అమాయకమైనదే కావచ్చు. కొన్ని ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అడ్మినిస్ట్రేటర్ అనుమతి తీసుకుని తమ ఫోల్డర్‌ను తామే చేర్చుకుంటాయి, తీసేసేటప్పుడు ఆ గుర్తును చెరపడం మరిచిపోతాయి. వెర్షన్ మారినప్పుడల్లా కొత్త పేరుతో ఫోల్డర్ తయారుచేసుకునే ప్రోగ్రామ్‌లతోనూ ఇదే తంటా. పాత చిరునామా జాబితాలో మిగిలిపోతుంది. ఖాళీ ఇంటికి తాళం తీసి ఉంచినట్టు, అదే పేరుతో ఎవరైనా ఫోల్డర్ సృష్టిస్తే వారికి ఆ మినహాయింపు సిద్ధంగా దొరుకుతుంది. నా పాత ల్యాప్‌టాప్‌లోనే ఇలాంటివి ఆరు దొరికాయి. వాటిలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకటి. ఏదో పెద్ద ఫైలు దించడానికి ఒక రాత్రి కోసం పెట్టినట్టు లీలగా గుర్తుంది, తీసింది మాత్రం అయిదేళ్ల తర్వాత.

మిగతా రెండూ ఆందోళన కలిగించేవే. కంప్యూటర్‌లోకి ప్రవేశించిన హానికరమైన ప్రోగ్రామ్‌లు ముందుగా చేసే పనుల్లో ఒకటి, పవర్‌షెల్‌లో ఒక్క ఆదేశంతో తమ ఫోల్డర్‌నో, మొత్తం సి డ్రైవ్‌నో మినహాయింపులో చేర్చుకోవడం. మీరు ఏదో ఇన్‌స్టాల్ చేస్తూ అనుమతి అడిగిన పెట్టెలో యెస్ నొక్కి ఉంటే దానికి అంతకంటే అవసరం లేదు. టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లోనే ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది యాంటీవైరస్‌ను ఆపేయకుండా కాపాడుతుంది కానీ, ఇంట్లో వాడే కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కుతో మినహాయింపు చేర్చడాన్ని అడ్డుకోదు. దొంగలకు ఈ జాబితాను చదవడం కూడా ఉపయోగమే. 2022 ఆరంభం వరకూ విండోస్ 10లో మామూలు యూజర్ ఖాతాతోనే, విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో ఈ జాబితాను చదివే వీలుండేది. భద్రతా పరిశోధకులు ఎత్తిచూపాక మైక్రోసాఫ్ట్ దాన్ని మూసింది. ఇప్పుడు అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేనిదే జాబితా కనిపించదు.

మీరు చేయాల్సిన పనికి వరస ముఖ్యం. ముందు మూడు మినహాయింపులనూ తీసేయండి. అవి ఉండగా ఎన్ని స్కాన్‌లు చేసినా ఆ చోట్లను దాటిపోతాయి, అంతా శుభ్రంగా ఉందని చెబుతాయి. స్కాన్ అయ్యాక కొన్ని అంశాలను వదిలేశామన్న నోటిఫికేషన్ మీకు ఎప్పుడైనా కనిపించి ఉంటే, అది చాలా సందర్భాల్లో ఈ మినహాయింపుల గురించే. తీసేశాక డిఫెండర్‌ను అప్‌డేట్ చేసి ఫుల్ స్కాన్ పెట్టండి. గంటలు పట్టవచ్చు, పట్టనివ్వండి. ఆ తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ కూడా నడపండి. అది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే పావుగంట సేపు వెతుకుతుంది. పక్కనే ఉన్న అలౌడ్ థ్రెట్స్ జాబితా కూడా చూడండి. అది మరో రకం మినహాయింపు. ఒక ప్రమాదాన్ని పట్టుకున్నాక అనుమతించు అని నొక్కితే అది అక్కడ చేరుతుంది, ఎక్స్‌క్లూజన్స్ పేజీలో కనిపించదు.

ఇక అవి ఎప్పుడు వచ్చాయో తెలుసుకునే మార్గం ఉంది. విండోస్‌లో జరిగినవాటి నమోదులను చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్ కింద మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్, ఆపరేషనల్ వరకూ వెళ్లి, 5007 అన్న నంబరుతో ఉన్న ఎంట్రీలను వడపోయండి. డిఫెండర్ సెట్టింగ్ ఏది మారినా ఆ నంబరుతో నమోదవుతుంది. మామూలు మార్పులు కూడా అందులో ఉంటాయి కాబట్టి, ఎక్స్‌క్లూజన్స్ అన్న మాట, మీ సి డ్రైవ్ గుర్తు ఉన్న ఎంట్రీ కోసం చూడాలి. దాని తేదీ, సమయం రాసుకుని, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను తేదీల వారీగా అమర్చి, ఆ సమయానికి కొన్ని నిమిషాల ముందు ఏ ఫైలు వచ్చిందో చూడండి. ఎక్కువసార్లు దోషి అక్కడే దొరుకుతాడు. దొరికినా దొరకకపోయినా, ఆ తేదీ తర్వాత ఈ కంప్యూటర్‌లో టైప్ చేసిన బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లన్నిటినీ వేరే కంప్యూటర్ నుంచి ఈ రోజే మార్చండి.